వినకూడని సలహాలు: పొగ, బూజు, రేకు, పుండు

గోదావరి జిల్లాల్లో ఎవరి నోట్లోనైనా పుండు లేచి నెల దాటినా మానలేదంటే, డాక్టరు కంటే ముందు సలహాలు దిగుతాయి. అరుగు మీద ఒకాయన ఒకటి చెబుతాడు, కిళ్ళీ కొట్టు దగ్గర ఇంకొకాయన మరొకటి, రాత్రికి ఫోను చేసిన మేనత్త ఆ రెండూ కాదని ఇంకోటి. అందరూ మన మంచి కోరే చెబుతారు. కానీ ఆ మాటలు వింటూ ఆరు నెలలు గడిపితే, చిన్న ముక్క కోసి తీసేస్తే సరిపోయే జబ్బు దవడ ఎముక తీసేయాల్సినదాకా వస్తుంది. చేయాల్సినవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చేయకూడనివి కూడా, ఎందుకు చేయకూడదో వివరంగా, ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

ఈ సలహాల్లో చాలావాటి కింద ఉన్నది ఒకే పొరపాటు. కేన్సర్ తెచ్చే పదార్థం అంటే పురుగుమందు డబ్బాలోని విషం లాంటిదే అనుకుంటాం. లోపలికి వెళ్తే ఆ రాత్రే తెలుస్తుందనీ, ముక్కుకి వాసన తగులుతుందనీ, అందరి మీదా ఒకేలా పనిచేస్తుందనీ, కడుపు కడిగేస్తే బయటికి పోతుందనీ అనుకుంటాం. వీటిలో ఒక్కటీ నిజం కాదు.

"మా తాతగారు రోజుకో కట్ట చుట్టలు కాల్చి తొంభై ఏళ్లు బతికారండి. మీకేం కాదు, కాల్చండి."

ఆ తాతగారు నిజమే. ఆయన వీధిలోనే యాభై ఐదేళ్లకి గొంతు పూడుకుపోయి, మాట పడిపోయి చనిపోయినాయన కూడా నిజమే. తన కథ చెప్పడానికి ఆయన అరుగు మీద లేడు, అంతే తేడా.

పొగాకు మనకి పరాయిది కాదు. వరద తీసిన లంకల్లో, ఒండ్రు మట్టిలో పండే లంక పొగాకు పేరు ఎప్పుడో సముద్రాలు దాటింది. కోనన్ డాయల్ 1890లో రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో, బూడిద చూసి చుట్ట రకం చెప్పగలనని షెర్లాక్ హోమ్స్ అంటాడు. అక్కడ అతను పేరు పెట్టి చెప్పిన 'లంకా' చుట్ట మన గోదావరి లంకల ఆకుదే. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థను రాజమండ్రిలోనే పెట్టారు. ఈ ఆకు మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని చదివించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ రైతు కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆకు పండించినవాడికి అన్నం పెట్టింది, నిజమే. కాల్చినవాడి ఒంట్లో అది ఏం చేస్తుందన్నది వేరే సంగతి.

పొగాకు పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలున్నాయి. వాటిలో 70 దాకా కేన్సర్ తెచ్చేవే. ఒకదాని వెంట వెళ్లి చూద్దాం. దాని పేరు బెంజోపైరీన్. ఆకైనా కట్టె అయినా బొగ్గయినా సరిగా కాలనప్పుడు పుడుతుంది. అది నీటిలో కరగదు. కణంలోకి దిగాక, దాన్ని నీటిలో కరిగేలా మార్చి బయటికి పంపడానికి మన ఎంజైములే పని మొదలుపెడతాయి. ఆ పని మధ్యలో పుట్టే ఒక రూపం మొదటిదానికంటే ఎంతో ప్రమాదం. అది వెళ్లి డీఎన్ఏలో గ్వానిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు ఆ అతుకు ఉన్నచోట ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడుతుంది. పాత దస్తావేజు చూసి కొత్తది రాసే లేఖరి సర్వే నంబరులో ఒక్క అంకె తప్పు వేస్తే, దాన్ని చూసి రాసే ప్రతి దస్తావేజులోనూ ఆ తప్పే నడుస్తుంది. కణంలోనూ అంతే జరుగుతుంది.

ఆ తప్పు ఎక్కడ పడిందన్నది ముఖ్యం. డీఎన్ఏ చెడినప్పుడు కణం చీలకుండా ఆపి, బాగుచేయించి, బాగుపడకపోతే ఆ కణం చచ్చిపోయేలా చూసే జన్యువు ఒకటుంది, పి53 అంటారు. ఊపిరితిత్తుల కేన్సర్లలో ఈ జన్యువులో ఏయే చోట్ల తప్పులు ఎక్కువగా కనిపిస్తాయో, సరిగ్గా ఆ చోట్లే బెంజోపైరీన్ అతుక్కుంటోందని 1996లో పరిశోధకులు చూపించారు. పొగకీ కేన్సర్‌కీ సంబంధం లేదని వాదించేవాళ్లకి ఆ తర్వాత నిలబడే చోటు లేకుండా పోయింది.

అయితే ఒక్క తప్పుతో జబ్బు రాదు. చాలా తప్పుల్ని కణం తానే దిద్దుకుంటుంది. ఒకే కణం సంతతిలో కీలకమైన జన్యువులు కొన్ని వరసగా చెడాలి. దానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. తాతగారి ఒంట్లో ఆ వరస పూర్తికాలేదు. పక్కాయన ఒంట్లో పూర్తయింది. పొగాకు మాననివాళ్లలో సగం మంది దాకా దాని వల్లే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సగం అంటే తాతగార్లు బోలెడుమంది మిగులుతారు. వాళ్లని చూపించి మనవడి చేతికి అగ్గిపెట్టె ఇవ్వడం అన్యాయం.

దీనికి తోక సలహా ఒకటుంది. "ముప్పై ఏళ్లు కాల్చాక ఇప్పుడు మానేస్తే ఒరిగేదేముంది?" ఒరిగేది చాలా ఉంది. మానేసిన పదేళ్లకి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు, మాననివాళ్లతో పోలిస్తే సగానికి పడుతుంది. వరస పూర్తికాని కణాలకి కొత్త దెబ్బలు తగలడం ఆగిపోతుంది కనక.

"నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చు. గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది."

దీన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఎక్కువ. కోస్తాలో ఇంకా కొన్నిచోట్ల పాత తరం ఆడవాళ్లలో ఉంది. తల్లిని చూసి కూతురు, అత్తని చూసి కోడలు నేర్చుకున్న అలవాటు. వంగి నాట్లు వేస్తూ, బట్టలు ఉతుకుతూ, చేతులు ఖాళీ లేకుండా కాల్చుకోవచ్చు, నిప్పురవ్వ మీద పడదు. ఇన్ని సౌకర్యాలున్నా, మండే కొస ఉన్నది అంగిలి కింద. వేడీ పొగా రెండూ నేరుగా అక్కడే తగులుతాయి. ముందు అంగిలి తెల్లగా మందమెక్కుతుంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు తేలతాయి. అవి అంగిట్లోని చిన్న లాలాజల గ్రంథుల మూతులు, వాచి ఉబ్బినవి. తర్వాత కొన్నిచోట్ల పుండు పడుతుంది. లోకంలో మిగతా చోట్ల గట్టి అంగిలికి కేన్సర్ రావడం అరుదు. మన కోస్తాలో ఎందుకు ఎక్కువుందో అడ్డపొగతో ముడిపెట్టి 1945లోనే డాక్టర్ ఖానోల్కర్ రాశారు. 1971లో పిండ్‌బోర్గ్ అనే పరిశోధకుడి బృందం శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు చూసి ఆ మాటకి బలం చేకూర్చింది. మీ ఇంట్లో ఈ అలవాటున్న పెద్దావిడ ఉంటే, ఆవిడని గడప దగ్గర వెలుగులో కూర్చోబెట్టి, పళ్లసెట్టు ఉంటే తీయించి, తల వెనక్కి వాల్చమని అంగిలి చూడండి. మనవలెవరూ ఆ పని చేయరు. చేయాలి.

"పొగే కదండీ ప్రమాదం. ఖైనీకి మారిపోండి."

పొగ లేకపోయినా పొగాకులో నైట్రోసమైన్లు అనే కేన్సర్ కారకాలు ఉంటాయి. ఆకు ఆరబెట్టి, మాగబెట్టేటప్పుడే అవి పుడతాయి. చెంపకీ చిగురుకీ మధ్య గంటల తరబడి ఉంచితే అక్కడి పొర వాటిలో నానుతుంది. పొగాకు కలవని వక్కపొడి మంచిదన్న మాట కూడా తప్పే. వక్క ఒక్కటే కేన్సర్ తెస్తుందని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. వక్క నమిలేవాళ్లకి బుగ్గల లోపల పొర క్రమంగా గట్టిపడి, పీచుకట్టి, నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. మీ మూడు వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూసుకోండి. పట్టకపోతే, కారం తగిలితే మంట పుడుతుంటే, ఆ పొట్లం ఇవాళే ఆపి దంతవైద్యుడికి చూపించుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో ఇది కనిపిస్తోంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

పన్ను నొప్పికి పొగాకు ముక్క నొక్కిపెట్టమనే సలహాని కూడా ఇక్కడే వదిలేయండి. ఇక కల్లు చెట్టు నుంచి దిగింది కాబట్టి మంచిదంటారు. తెల్లారే దించిన తీపి నీరా వేరు. పులిసిన తర్వాత అందులో ఉండేది ఆల్కహాలే. ఒంట్లో అది ఎసిటాల్డిహైడ్‌గా మారి డీఎన్ఏని దెబ్బతీస్తుంది. సీసా సరుకైనా ముంత సరుకైనా తేడా లేదు. చుట్టా మందూ కలిస్తే నోటికీ గొంతుకీ ముప్పు రెండూ కూడినంత కాదు, అంతకంటే చాలా ఎక్కువ.

"బూజు పడితే గుడ్డతో తుడిచి ఎండలో పెట్టు. నూనె ఆడించుకుంటే సరి."

కోనసీమలో ఎండు కొబ్బరి పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే చిప్పల లోపల పసుపు పచ్చగా, ఆకుపచ్చగా బూజు కడుతుంది. అన్ని బూజులూ ఒకటి కావు. ఆ రంగుల్లో ఉండే ఒక జాతి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి, కొబ్బరి, అన్నిటి మీదా పెరుగుతుంది. తుడిస్తే కనిపించే బూజు పోతుంది, కండలోకి దిగిన విషం పోదు. వంట వేడికి కూడా పూర్తిగా పోదు. దానికి రంగూ రుచీ ఉండవు. గానుగ నూనెలోకి కొంత వస్తుంది. చెక్కలో ఎక్కువ మిగులుతుంది. ఆ చెక్క గేదెకి పెడితే విషం ఇంకో రూపంలో పాలలోకి దిగుతుంది. పారేయలేక పశువుకి పెట్టామనుకుంటాం, తిరిగి పిల్లవాడి గ్లాసులోకే చేరుతుంది.

1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో వానకి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా చనిపోయారు. కారణం అఫ్లటాక్సిన్ అని తేల్చడంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తల పాత్ర పెద్దది. అది ఒక్కసారిగా ఎక్కువ మోతాదు లోపలికి వెళ్తే జరిగేది. కొంచెం కొంచెంగా ఏళ్లపాటు వెళ్తే కాలేయ కేన్సర్. పైన చెప్పిన పి53లోనే ఒక ప్రత్యేకమైన చోట తప్పు పెట్టి పోతుందిది. రోగి కణం చూసి, ఇది అఫ్లటాక్సిన్ పనేనని అనుమానించగలిగేంత స్పష్టమైన గుర్తు. బూజు పట్టిన చిప్ప ఒకటి కనిపిస్తే దాన్ని పారేయండి. ఎండబెట్టేటప్పుడే తేమ పోయేలా చూసుకోండి. తడిసిన ధాన్యం, రంగు మారిన వేరుశనగ గుళ్లు కోళ్లకి వేయడం కూడా వద్దు.

"తుఫానుకి విరిగిన సిమెంటు రేకులు కోసి కోళ్లగూటికి వేసుకో."

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కప్పు మీద చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం పెద్ద భయం లేదు. రంపంతో కోసినా, సుత్తితో పగలగొట్టినా కంటికి ఆనని నూగు లేస్తుంది. ఊపిరితిత్తుల్లో చెత్త మింగి శుభ్రం చేసే కణాలకి ఆ పీచు పొడవు ఎక్కువై మింగుడుపడదు. అక్కడే ఉండి దశాబ్దాల పాటు రాజేస్తుంది. తీయక తప్పకపోతే బాగా నీళ్లతో తడిపి, ముక్కలు చేయకుండా, ముఖానికి సరైన మాస్కు కట్టుకుని దించండి. పిల్లల్ని దూరంగా పంపండి.

"ఆ ఊరి నీళ్లు తాగొద్దు. ఆ ఊరితో సంబంధం కలుపుకోవద్దు."

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో కేన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయని అనపర్తి ఎమ్మెల్యే నల్లమిల్లి రామకృష్ణారెడ్డి శాసనసభలో ప్రస్తావించారు. వైద్య బృందాలు ఇంటింటికీ వెళ్లాయి. ఇలా ఒక ఊరి పేరు బయటికి వచ్చినప్పుడు రెండు రకాల తప్పుడు సలహాలు పుడతాయి. ఒకటి ఆ ఊరినే వెలివేయమంటుంది. రెండోది "అన్ని ఊళ్లలోనూ ఉన్నదే, గోల చేయకండి" అంటుంది. రెండూ ఆ ఊరివాళ్లకి ద్రోహమే.

సరైన పని లెక్కతో మొదలవుతుంది. ఐసీఎంఆర్ కేన్సర్ రిజిస్ట్రీల అంచనా ప్రకారం 2022లో దేశంలో లక్ష జనాభాకి సుమారు నూరు కొత్త కేసులు. బతికినంతకాలంలో తొమ్మిది మందిలో ఒకరికి కేన్సర్ రావచ్చు. అంటే పదివేల జనాభా ఉన్న ఊళ్లో ఏటా పదిమందికి కొత్తగా రావడం, పాత రోగులతో కలిపితే ఏ సమయంలోనైనా కొన్ని పదులమంది ఉండటం మామూలే. వీధిలో పేర్లు లెక్కపెడితే భయం వేస్తుంది. ఆ భయం నిజమైన పెరుగుదల వల్లా, కాదా అన్నది వయసులవారీగా లెక్క చూస్తేనే తెలుస్తుంది.

ఆ తర్వాత అడగాల్సింది ఏ కేన్సర్లు అని. ఒకే పదార్థం కారణమైతే సాధారణంగా ఒకే రకం జబ్బు గుంపుగా కనిపిస్తుంది. 1775లో లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్, చిన్నప్పుడు పొగగొట్టాలు తుడిచిన మగవాళ్లకి వృషణాల తిత్తి మీద కేన్సర్ రావడం గమనించి మసిని పట్టుకున్నాడు. 1974లో అమెరికాలోని లూయీవిల్‌లో ప్లాస్టిక్ కర్మాగారం కార్మికులకి చాలా అరుదైన కాలేయ కేన్సర్ ఒకటి వస్తోందని గమనించి వినైల్ క్లోరైడ్‌ని పట్టుకున్నారు. రొమ్ము, నోరు, పేగు, రక్తం, గర్భాశయ ముఖద్వారం అన్నీ కలగలిసి ఉంటే కారణాలు కూడా కలగలిసి ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఒక్క బోరింగు మూసేసి ఇంటికి పోతే సరిపోదు. దగ్గర్లో ఫ్యాక్టరీ ఉంటే, అది ఎన్నాళ్లుగా నడుస్తోంది, గాలిలోకీ నీళ్లలోకీ ఏం వదులుతోంది, కొలతలు బయటపెట్టమని అడిగే హక్కు ఊరికి ఉంది. అడగాలి. కొలవకుండా నింద వేసినా, కొలవకుండా క్షమించినా మోసపోయేది ఊరే.

నీళ్ల ప్రసక్తి వచ్చింది కనక ఒక మాట. క్షారగుణం ఉన్న నీళ్లు తాగితే ఒళ్లంతా క్షారమై కేన్సర్ చచ్చిపోతుందని మిషన్లు అమ్ముతున్నారు. రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండేలా ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ చూసుకుంటాయి. మీరు ఏ నీళ్లు తాగినా అది మారదు. మారితే మనిషి ఐసీయూలో ఉంటాడు. ఆ డబ్బు దాచుకోండి.

"ముక్క తీయించుకోకు. కత్తి తగిలితే పాకేస్తుంది. కరెంటు (రేడియేషన్) పెడితే మనిషి మిగలడు."

ముక్క పరీక్ష (బయాప్సీ) లేకుండా ఏ కేన్సరో తెలియదు, ఏ మందు వేయాలో తెలియదు. ముక్క తీసిన తర్వాత నెలల్లో ముదిరిపోయిన మనిషిని అందరూ చూసి ఉంటారు. ఆయన ముక్క తీయించుకున్నదే జబ్బు ముదిరాక. ఇంటి వైద్యాలతో ఏడాది గడిపాక వెళ్లి, నెపం ఆ పరీక్ష మీద వేస్తారు. వైద్యం వద్దని ప్రత్యామ్నాయ చికిత్సలే నమ్ముకున్నవాళ్లకి, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లకంటే చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువని 2018లో యేల్ పరిశోధకులు రాశారు. రొమ్ము కేన్సర్‌లో అది అయిదు రెట్లు దాటింది. పసుపు అన్నంలో ఉంటే అభ్యంతరం లేదు. డాక్టరు స్థానంలో ఉంటేనే అభ్యంతరం.

కీమో అంటే పరాయి దేశపు విషం అనేవాళ్లు భీమవరం పేరు తలుచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది అక్కడే. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం అమినాప్టెరిన్ తయారుచేసింది. కణం డీఎన్ఏ రాసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆ ఆమ్లం వేషంలో వెళ్లి దాని దారి మూసేసే మందు ఇది. వేగంగా చీలే కణాలకి దెబ్బ ఎక్కువ తగులుతుంది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకీమియా ఉన్న పదహారు మంది పిల్లలకి ఇస్తే పదిమందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మెరుగు ఎక్కువకాలం నిలవలేదు, కానీ మందుతో ఈ జబ్బుని వెనక్కి నెట్టవచ్చని మొదటిసారి రుజువైంది. సుబ్బారావు ఆ ఏడాదే పోయారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల వార్డుల్లో వాడుతున్నారు. జుట్టు రాలడం, నోరు పూయడం, వాంతులు నిజమే. వేగంగా చీలే మామూలు కణాలకీ దెబ్బ తగలడం వల్ల వచ్చేవి అవి. చాలావరకు తగ్గిపోతాయి. ఖర్చుకి భయపడి ఆగిపోయేవాళ్లు ముందు ఆసుపత్రిలోని ఎన్టీఆర్ వైద్య సేవ (ఒకప్పటి ఆరోగ్యశ్రీ) కౌంటరు దగ్గర అడగండి.

"కంచం, గ్లాసు వేరు పెట్టండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి."

కేన్సర్ అంటుకోదు. కంచం ద్వారా, చెమట ద్వారా, ముద్దు ద్వారా రాదు. ఈ సలహా వల్ల పెరటి గదిలో ఒంటరిగా పడుకున్న అమ్మలున్నారు, ఆఖరి రోజుల్లో మనవడిని ఎత్తుకోనివ్వని తాతలున్నారు. దీనికంటే క్రూరమైన సలహా ఈ జాబితాలో లేదు.

అంటుకునేవి కొన్ని వైరస్‌లు. అవి ఏళ్ల తర్వాత కేన్సర్‌కి దారితీస్తాయి. హెపటైటిస్ బి రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, కాలేయ కేన్సర్ తెస్తుంది. ఆ వైరస్ ఉన్న మనిషి బూజు పట్టిన వేరుశనగ తింటే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానికి టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి, కాన్పు ఆసుపత్రి వదిలే ముందు కార్డు మీద అది రాసి ఉందో లేదో చూసుకోండి. గర్భాశయ ముఖద్వార కేన్సర్ తెచ్చే హెచ్‌పీవీకి కూడా టీకా ఉంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలకి వేయిస్తే బాగా పనిచేస్తుంది. "పెళ్లి కాని పిల్లకి అదెందుకు?" అని చుట్టాలు అడుగుతారు. వైరస్ తగలకముందే వేస్తేనే ఫలితం కనక, పెళ్లికి ముందే వేయించాలని వాళ్లకి చెప్పండి. వాళ్ల ఇంట్లో కూడా ఆ వయసు పిల్ల ఉంటే తోడు తీసుకెళ్లండి.